రెండు అరల సంచి

ఆయన చనిపోయిన వార్త నా టేబుల్ మీదికే వచ్చింది. మండలాల నుంచి వచ్చే వార్తలు దిద్ది శీర్షికలు పెట్టడం నా పని. వచ్చినవి నాలుగే లైన్లు. శామీర్‌పేటలో చాలాకాలం విలేకరిగా పనిచేశారని, కొంతకాలంగా ఆరోగ్యం బాగాలేదని, భార్య, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారని, పలువురు సంతాపం తెలిపారని. ఎక్కడా తప్పు లేదు. కామా కూడా మార్చే పని లేదు. అయినా ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ లైన్లలో ఉన్న మనిషిని నేను గుర్తుపట్టలేకపోయాను. నాకు తెలిసిన మనిషి బోరు ఎండిపోయిన రైతు వాకిట్లో గొంతుక్కూర్చుని, "ఎన్ని ఫీట్లు ఏసిన్రు? చుక్క గూడ రాలేదా?" అని అడిగి రాసుకునేవాడు. పెన్ను మూయకముందే, "ఇంట్ల పెండ్లికొచ్చిన పిల్లలున్నరా?" అని కూడా అడిగేవాడు.

పేపరు ఆయనకు జీతం ఇచ్చేది కాదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, ఆ కొలతను బట్టి ఇచ్చేది. ఊళ్ళు తిరగడానికి పెట్రోలు పోసుకుంటే ఇంటికి మిగిలేది కాదు. ఆ రోజుల్లో మండల విలేకరులందరి పరిస్థితీ అంతే. ఒకాయన ఫోటో స్టూడియో నడిపేవాడు. ఇంకొకాయన ఇన్సూరెన్సు చేయించేవాడు. తర్వాత తర్వాత చాలామంది ప్లాట్లు అమ్మించారు. ఈయన మాత్రం సంబంధాలు కుదిర్చేవాడు.

అది ఆయన అనుకుని మొదలుపెట్టిన పని కాదు. మేడ్చల్ దిక్కున ద్రాక్షతోటలు వడగళ్ళకు పోయాయని రాయడానికి వెళ్ళాడట. తోట రైతు ఏడుస్తూ, ఈ పంట మీదే బిడ్డ పెళ్ళి అనుకున్నానని అన్నాడట. మర్నాడు తూముకుంటలో బడి పైకప్పు కారుతోందని రాయడానికి వెళితే, అక్కడ వానకు తడుస్తూ పిల్లలను పక్క గదికి మారుస్తున్న కుర్ర పంతులు కనిపించాడు. రెండు వార్తలూ ఒకే పేజీలో వచ్చాయి. మూడు నెలలకు ఆ రైతు బిడ్డకూ ఈ పంతులుకూ పెళ్ళయింది. పెళ్ళివాళ్ళు ఆయనకు బట్టలు పెట్టి, పెద్దమనిషిగా పీటల పక్కన కూర్చోబెట్టారు. "వార్త రాసినందుకు నాకెవ్వడు గోచి గూడ పెట్టలే" అని నవ్వేవాడు ఆ సంగతి చెప్పినప్పుడల్లా.

ఆయన భుజానికి ఎప్పుడూ ఒక నల్ల రెక్సిన్ సంచి ఉండేది. దానికి రెండు అరలు. ముందు అరలో వార్తల కాగితాలు, వెనక అరలో అబ్బాయిల, అమ్మాయిల ఫోటోలు. ఒకదానితో ఒకటి కలవకూడదని ఆయన నియమం. ఒక్కసారి మాత్రం కలిసిపోయాయి. అలియాబాద్ దగ్గర ఒక ఇంట్లో, పిల్లగాడి ఫోటో చూడండని తీసి పిల్ల అవ్వ చేతిలో పెట్టాడు. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. కాసేపు దూరం పెట్టి, కాసేపు దగ్గర పెట్టి చూసి, "మంచిగనే ఉన్నడు గని, జర లావున్నడు నాయినా" అన్నదట. అది పగుళ్ళిచ్చిన మంచినీళ్ళ ట్యాంకు ఫోటో.

తిండి విషయంలో కూడా ఇలాంటి నియమమే ఒకటుండేది. వార్త కోసం వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. సంబంధం కోసం వెళితే చాయ్ తాగుతాడు, పెడితే అన్నం కూడా తింటాడు. అందుకే ఆయన మా గేటు తీయగానే మా అమ్మ వంటింట్లోంచే అడిగేది.

"అన్నా, ఇయ్యాల దేనికొచ్చిన్రు? చాయ్ పెట్టాల్నా, వద్దా?"

"వార్తకే చెల్లె. ఒట్టి నీళ్ళియ్యి."

"మరి రేపన్న సంబంధం ముచ్చట మీద రాండ్రి. పాలు ఎక్కువున్నయి."

మిగతా విలేకరులు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. మండలాఫీసు మెట్ల మీద అందరూ కూర్చున్నప్పుడు, "ఏందన్నా, ఈ వారం ఎన్ని ముడులేసినవ్?" అని ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకునేవాడు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "మీరు రాసింది తెల్లారితే పల్లీలు గట్టుకుంటరు. నేను కలిపినోళ్ళు పిల్లల్ని బడికి పంపుతున్నరు" అనేవాడు. కానీ ఆ మాట అంటూ చేత్తో సంచి వెనక అర జిప్పు సరిచేసుకోవడం నేనొకసారి చూశాను. ఆయనకు విలేకరి అనిపించుకోవడమే ఇష్టం. రెండో పని లోలోపల కొంచెం నామోషీగా ఉండేదనుకుంటాను.

కానీ ఆ రెండో పనిని ఆయన మొదటి పనికంటే జాగ్రత్తగా చేసేవాడు. సంబంధాలు తెచ్చేవాళ్ళు ఉన్నదానికి నాలుగింతలు చెబుతారని లోకానికి తెలుసు. ఈయన అబ్బాయి పనిచేసే చోటికి వెళ్ళేవాడు, వాళ్ళ వీధి చివర చాయ్ హోటల్లో కూర్చునేవాడు, ఇంటి యజమానిని కదిలించేవాడు. తర్వాత అమ్మాయి తండ్రి ముందు కూర్చుని ఇలా చెప్పేవాడు. "పిలగానికి కోపం జాస్తి. అది నేను చూసిన. మందు ముట్టడు. అది నేను ఇన్న. చూసినదానికి, ఇన్నదానికి ఫరకున్నది. మీరే సోచాయించుకోండ్రి." తేలని సంగతి ఉంటే, "ఇంకా కన్ఫర్మ్ గాలే" అనేవాడు. రెండు దిక్కుల మాట వినందే ఏ ఇంటికీ అవుననీ కాదనీ చెప్పేవాడు కాదు.

వార్తల్లో ఇంత పట్టింపు ఎందుకు లేదని నేను ఒకసారి అడగబోయి ఆగిపోయాను. అడగకపోయినా చెప్పాడు. "పేపర్ల తప్పొస్తే మర్నాడు సవరణ ఏస్తరు బిడ్డా. సంసారంల సవరణ ఎక్కడేస్తరు?"

మా ఇంటికి ఆయన రావడానికి కారణం మా నాయిన. నాయిన బస్సు కండక్టరు. శామీర్‌పేట మీదుగా సికింద్రాబాదు పోయే బస్సులో చాలా ఏళ్ళు పనిచేశాడు. అప్పటికి ఫ్యాక్సులు అందరి దగ్గరా లేవు. మండలాల నుంచి వార్తలన్నీ కవర్లలో పెట్టి బస్సుల మీదే పంపేవాళ్ళు. ఈయన మధ్యాహ్నం ఆ కవరు నాయిన చేతికిస్తే, నాయిన దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకుని, బస్‌స్టేషన్‌లో పేపరు వాళ్ళు పెట్టుకున్న పెట్టెలో వేసేవాడు. మధ్యాహ్నం బస్సు దాటితే ఆ రోజు వార్త పోనట్టే.

దానివల్ల ఒక అలవాటు వచ్చింది. సభలు, సన్మానాలు సాయంత్రాలు జరుగుతాయి. కవరు మధ్యాహ్నమే పోవాలి. కాబట్టి సాయంత్రం జరగబోయేదాన్ని పొద్దున్నే జరిగిపోయినట్టు రాసి పంపేవాళ్ళు. ఎవరెవరు వస్తారో, ఏం మాట్లాడతారో అందరికీ తెలిసిందే. ఒకసారి లాల్‌గడి మలక్‌పేట్‌లో సభ పెద్దవాన వల్ల జరగనే లేదు. పేపర్లో మాత్రం జనం భారీగా తరలివచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. సభ పెట్టదలచుకున్నాయన ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు కూడా.

ఆ కవర్లలో పోయే కాగితాలు కొంతకాలం నా చేతిరాతలో పోయాయి. ఒక వానాకాలం ఆయన బండి జారిపడి కుడిచేయి బెణికించుకున్నాడు. మాకిచ్చే కవరులో తన గీతలు చూసి తానే దిగులుపడుతుంటే నాయిన అన్నాడు. "మా పిల్ల డిగ్రీ అయిపోయి ఇంట్లనే ఉన్నది. అక్షరం ముత్యం లెక్కుంటది. రాయించుకో అన్నా." అప్పటినుంచి రోజూ పొద్దున చిత్తు తెచ్చి ఇచ్చేవాడు, నేను వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని తిరగరాసేదాన్ని. చేయి బాగైన తర్వాత కూడా మానలేదు. ఎక్కువైన మాటలు నేను తీసేస్తే గమనించేవాడు, ఏమీ అనేవాడు కాదు. మర్నాడు తన చిత్తులోనే ఆ మాటలు ఉండేవి కావు.

నేను మనుషుల ముందు మాట్లాడలేను. ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి పోయేదాన్ని. లైబ్రరీ పుస్తకాలు బట్టల మడతల్లో, డైరీ బియ్యం డబ్బా వెనక ఉండేవి. ఆయన నన్ను మాట్లాడించాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. ఆదివారం అనుబంధం మాత్రం మడిచి అరుగు మీద పెట్టి పోయేవాడు. నా కోసమని చెప్పేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం ఒకే వారంలో రెండు అరల్లోంచీ ఒక్కొక్కటి తీసి మా ఇంట్లో పెట్టాడు.

ముందు అరలోంచి వచ్చింది తన పేపరు ప్రకటన. డెస్కులో పనిచేయడానికి కొత్తవాళ్ళను తీసుకుంటారు, ముందు పరీక్ష ఉంటుంది. "నీ చేతిరాత ఆళ్ళకు ముందే ఎరుక. జీతం మస్తేం ఉండదు. రాసి చూడు" అన్నాడు. వెనక అరలోంచి వచ్చింది ఒక సంబంధం. శామీర్‌పేట చెరువుకు అవతల భూములున్న కుటుంబం. కొంత అమ్మి వెంచర్లు వేస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రికి రాజకీయాల్లో తిరుగుడు ఉంది. మావాళ్ళే, మాకంటే చాలా పైనున్నవాళ్ళు. కండక్టరు ఇంటికి వాళ్ళెందుకు వస్తారని నాయిన నమ్మలేదు.

చూడ్డానికి వచ్చిన రోజు తెలిసింది ఎందుకో. పెళ్ళికొడుకు తండ్రి నన్ను రెండు మాటలు అడిగాడు. నేను తలూపాను. ఆయన మా నాయినతో, "గిసొంటి పిల్లనే కావాలె మాకు. పెద్ద కోడలుకు నోరెక్కువ. మాట్లాడని పిల్ల ఇయ్యాల రేపు యాడ దొరుకుతది?" అన్నాడు. పెళ్ళికొడుకు చెడ్డవాడేం కాదు. కూర్చున్నంతసేపు ఎవరి ప్లాటు ఎటువైపు వస్తుందో చెప్పాడు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏముందో నాకూ తెలియదు.

మా విలేకరి తన పద్ధతి ప్రకారం అంతా ఆరా తీసి అరుసుకున్నాడు. వాళ్ళ గురించి మాకు చెప్పాడు, మా గురించి వాళ్ళకు చెప్పాడు. అమ్మ సంతోషించింది, నాయిన ఒప్పుకున్నాడు. పరీక్ష కాగితం డైరీలో పెట్టుకున్నాను. రాయమని కానీ వద్దని కానీ ఎవరూ అనలేదు. దాని సంగతి అందరూ మర్చిపోయారంతే.

నిశ్చితార్థాన్ని మా దిక్కున పూలుపండ్లు అంటారు. ఆ రోజు పొద్దున ఇంటినిండా చుట్టాలు. నాయిన మధ్యాహ్నం దాకా డ్యూటీ చేసి వస్తానని పోయాడు. రోజూ వచ్చే వేళకే ఆయన వచ్చాడు. అమ్మ అడిగేలోపే, "ఇయ్యాల చాయ్ తాగుత చెల్లె, చక్కెర ఎక్కువేయి" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి చిత్తు కాగితం ఇచ్చాడు. "ఇయ్యాల నీ వార్తనే. పెద్దోళ్ళ ఇల్లు గద, పడాలె. ఎప్పటి లెక్కనే రాసి పెట్టు."

రాశాను. ఫలానావారి కుమారుడికి, ఫలానావారి కుమార్తెకు నిశ్చితార్థం ఘనంగా జరిగింది. పలువురు ప్రముఖులు హాజరై జంటను ఆశీర్వదించారు. ఇలాంటివి ఎన్నో రాశాను. ఇందులో నా పేరు ఉంది. నా పేరు నా చేతిరాతలోనే ఉంది, రేపు పొద్దున దాన్ని మండలమంతా చదువుతుంది, అందులో నేను చెప్పిన ముక్క ఒక్కటీ లేదు. కాగితం మడిచి ఇచ్చేశాను. ఆయన కవరులో పెట్టుకుని బస్సు దగ్గరికి పోయాడు. ఆ రోజు కవరు కూడా ఎప్పటిలాగే నాయిన సంచిలోనే సికింద్రాబాదు వెళ్ళింది.

ఆయన తిరిగి వచ్చేసరికి నేను పెరట్లో నీళ్ళ గోలెం దగ్గర ఉన్నాను. చేతులు కడుక్కోవడానికి వచ్చాడు.

"సారూ, నాకిష్టం లేదు" అన్నాను.

నీళ్ళు పోసుకుంటున్న చెంబు అలాగే పట్టుకున్నాడు. "ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"ఇంట్ల చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పలే ఇన్ని దినాలు?"

"అందరిని అడుగుతరు గద. నన్ను గూడ అడుగుతరనుకున్న."

ఆయన చెంబు కింద పెట్టాడు.  ఇంట్లోంచి అమ్మ పిలుస్తోంది, ఎవరో నవ్వుతున్నారు. చివరికి, "వార్త పోయింది బిడ్డా" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. తడిచేతులతోనే బయటికి పోయాడు. ఎస్టీడీ బూత్ నుంచి డెస్కుకు ఫోన్ చేసి ఆ వార్త ఆపమని చెప్పాడని తర్వాత తెలిసింది. ఎవరో సరేనన్నారట.

సాయంత్రం వాళ్ళు వచ్చారు. పళ్ళేలు మధ్యలో పెట్టారు. నేను లోపలి గది గుమ్మం దగ్గర, తెర వెనక నిలబడ్డాను. పళ్ళేలు మార్చుకోబోతుంటే ఆయన లేచాడు.

"జర ఆగుండ్రి. నాతోని ఒక గలత్ అయింది."

"ఏం గలత్?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"పిల్ల నాయినమ్మ పుట్టిల్లు నేను సరిగ అరుసుకోలే. ఆమెను పసిగుడ్డప్పుడు పెంపకానికి తెచ్చుకున్నరు. ఆమె పుట్టింది మీ అమ్మగారింట్ల. మీ అమ్మ, ఆమె సొంత అక్కచెల్లెండ్లు. అంటే మీరు, ఈయన అన్నదమ్ములైతరు. పిల్లలిద్దరు అన్నాచెల్లెండ్లు."

ఆ మాట తర్వాత ఇంకేం చెప్పనక్కర్లేదు. మా దగ్గర జాతకం కలవకపోతే సర్దుకుంటారు, వయసు తేడా సర్దుకుంటారు. వరుస కలవకపోతే లేచిపోవడమే. అలా వరుస చూసుకోకుండా సంబంధం తెచ్చినవాడిని మళ్ళీ ఏ ఇంటి గడపా ఎక్కనివ్వరు.

"మా అమ్మకు చెల్లె ఉన్నట్టు నేనెన్నడు ఇనలే" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. ఆయన తల్లి పోయి చాలా ఏళ్ళయింది.

"పెంపకానికిచ్చిన పిల్ల ముచ్చట ఇండ్లల్ల ఎవరు చెప్పుకుంటరు పటేలా?"

పెళ్ళికొడుకు తండ్రి మా నాయిన వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజమేనా?"

మా నాయినమ్మ ఎక్కడ పుట్టిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె సొంత అన్నదమ్ముల ఇంటికి నాయిన ఏటా పోతాడు. నాయిన ముందు విలేకరి వైపు చూశాడు. ఆయన తల దించుకుని ఉన్నాడు. తర్వాత నాయిన కళ్ళు తెర సందులో నా దగ్గర ఆగాయి. నా మొహంలో ఆయనకు ఏం కనిపించిందో నాకు తెలియదు.

"అవు" అన్నాడు నాయిన. "మా అమ్మను పెంచుకున్నదే. నేనే చెప్పుడు మరిచిన."

అమ్మ ఏదో అనబోయింది. నాయిన ఆమె మోచేతి మీద చేయి వేశాడు.

పెళ్ళికొడుకు తండ్రి అరవలేదు. అరిచినా బాగుండేది. "వరుస తెల్వనోడివి సంబంధాలెందుకయ్యా తెస్తవ్? పేపర్ల రాసుకో పో" అని చెప్పులు వేసుకున్నాడు. మా విలేకరి చేతులు జోడించి, "తప్పు నాదే" అన్నాడు. వచ్చినవాళ్ళందరి ముందూ ఆ మాటే అంటూ గేటు దాకా వెళ్ళాడు.

మర్నాడు పొద్దున పేపర్లో నా నిశ్చితార్థం ఘనంగా జరిగింది. డెస్కులో ఫోన్ ఎత్తినవాళ్ళు ఎవరికీ చెప్పలేదట. లేదా చెప్పేసరికి పేజీ అయిపోయిందట. పెళ్ళికొడుకు తండ్రికి శుభాకాంక్షల ఫోన్లు మొదలయ్యాయి. వరుస తప్పడం కంటే ఆయనకు అదే ఎక్కువ కోపం తెప్పించింది. కారు వేసుకుని సిటీలో పేపరు ఆఫీసుకే పోయాడు. కొంతకాలం ఈయన వార్తలు తీసుకోవడం ఆపేశారు. ఆ కొలత డబ్బులకు ఆ ఊళ్ళన్నీ తిరిగే మనిషి ఇంకొకడు దొరకలేదు కాబట్టి మళ్ళీ పిలిచారు.

సంబంధాలు మాత్రం మళ్ళీ పిలవలేదు. చెరువు కట్ట దగ్గరనుంచి మేడ్చల్ చౌరస్తా దాకా అందరికీ తెలిసిపోయింది. అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి కుదిర్చి పేపర్లో కూడా వేయించిన మనిషని. తన దగ్గరున్న ఫోటోలన్నీ ఎవరి ఇంటికి వాళ్ళకు తిరిగిచ్చేశాడు. తర్వాత పేపరు ఏజెన్సీ తీసుకున్నాడు. పగలు తాను రాసిన వార్తలను తెల్లవారుజామున తానే ఇంటింటికీ వేసేవాడు. అది చలికాలం ఆయన ఛాతీకి పడేది కాదు.

నన్నెవరూ ఏమీ అనలేదు. పిల్ల తప్పేముంది, పాపం, అన్నారు. ఆ రోజుకు డైరీలో పేజీ ఖాళీగా ఉంది. పరీక్ష రాశాను, డెస్కులో చేరాను. నాకూ ఆ జీతం చాలక, ఇప్పుడు సెలవు రోజుల్లో ఒక ప్రెస్సుకు పదో తరగతి గైడ్ల ప్రూఫులు దిద్ది పెడుతున్నాను. దగ్గరి అక్షరాలు మసకగా కనిపించే సాయంత్రాల్లో ఆయన తరచుగా గుర్తొచ్చేవాడు. అయినా ఆయన ఎదురుపడినప్పుడు ఆ మాట ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు. "డెస్కుల కుర్చీలు మంచిగున్నయా?" అని అడిగేవాడు.

కొన్నేళ్ళకు ఆయన పెద్దకూతురికి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ళు మచ్చ బొల్లారంలో అద్దెకుంటున్నారు. వచ్చిన సంబంధాలు తండ్రి ఎవరో తెలియగానే ఆగిపోతున్నాయి. ఎన్నో ఊళ్ళలో ఎంతోమందిని కలిపిన మనిషి కూతురికి పెద్దమనిషిగా కూర్చునేవాడు లేడు. నాయిన తనంతట తానే వెళ్ళి, "నేను కూసుంట అన్నా" అన్నాడు. జీవితంలో టికెట్, చిల్లర తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి.

చూపుల రోజు అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. అబ్బాయి మెకానిక్. అతనితో మేనమామ, అవ్వ వచ్చారు. మాటలు బాగానే సాగుతున్నాయి. ఉన్నట్టుండి మేనమామ ఆయన వైపు చూసి, "అవు గాని, గప్పుడు అన్నాచెల్లెండ్లకు లగ్గం వెట్టి పేపర్ల ఏసింది మీరేనా?" అన్నాడు.

ఆయన నవ్వినట్టు చేశాడు.

"సొంత బిడ్డ సంబంధమన్న అరుసుకున్నరా, లేకుంటే మేమే చూసుకోవాల్నా?" అని మేనమామ తన పక్కనున్న మేనల్లుడి తొడ మీద తట్టాడు. లోపలి గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఆ ముచ్చట గట్ల కాదు" అన్నాడు నాయిన.

"తమ్మీ, వద్దు" అన్నాడు ఆయన. అంత కటువుగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎందుకు వద్దంటున్నాడో నాకు తెలుసు. నాకింకా పెళ్ళి కాలేదు. కుదిరిన సంబంధాన్ని పళ్ళేల ముందు కాదన్న పిల్ల అని తెలిస్తే నాకు వచ్చేవి కూడా ఆగిపోతాయి.

నాయిన నా వైపు చూశాడు.

"సారు వరుస తప్పలే" అన్నాను. "నాకే ఇష్టం లేకుండె. సారుకు చెప్పిన. సారు తన మీదేసుకున్నడు."

ఫ్యాను చప్పుడు నా గొంతుకంటే ఎక్కువగా ఉంది. అవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుంది.

"ఏమంటున్నది ఆ పిల్ల? గట్టిగ చెప్పు బిడ్డా, నాకు ఇనవడదు."

గోడ వైపు తిరుగుదామంటే కుర్చీల మధ్య చోటు లేదు. అందరి మొహాలూ నావైపే ఉన్నాయి. గొంతు ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

అవ్వ చెవి మీంచి చేయి తీసింది. "అంటే పిల్ల వద్దన్నదని, కుదిరిన సంబంధం తనే ఇరగ్గొట్టుకుని, పరువు గూడ పోగొట్టుకున్నడా?" అని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎసొంటి మనిషివయ్యా." తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు. తర్వాత మేనమామ వైపు తిరిగింది. "ఒర్రుతున్నవ్ గని, మనమన్న అడిగినమారా ఈ పిల్లను?" లోపలి గది వైపు చేయి ఊపింది. "ఇటు రా బిడ్డా. సక్కగ చెప్పు. మా పిలగాడు నీకిష్టమేనా?"

ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముందు తండ్రి మొహం వైపు చూసింది.

ఆయన వెంటనే లేచాడు. "జర బండి చూసొస్త. ఎండల ఉన్నది" అని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. అప్పటికే వాకిటి మీద నీడ పడింది. బండి స్టాండు తీసి, మళ్ళీ వేశాడు. మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి ఇంక ఎవరినీ చూడకుండా ఏదో అంది.

"ఇనవడలే" అంది అవ్వ.

"ఇష్టమే అవ్వా" అంది ఆ అమ్మాయి. ఈసారి వాకిటి దాకా వినిపించింది. ఆయన అయినా ఇటు తిరగలేదు. జేబులోంచి రుమాలు తీసి, బండి అద్దాన్ని తుడుస్తూ ఉండిపోయాడు.